హాలీవుడ్ పాత సినిమాల రోజు: టీసీఎం ముందు కూర్చునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజంతా ఇంట్లోనే ఉండి హాలీవుడ్ పాత సినిమాలు వరసగా చూద్దామనుకునే తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చిన ఇళ్లలో, ఎప్పుడూ అవే సందేహాలు వస్తుంటాయి. ఛానెల్ గురించి కొన్ని, టీవీ సెట్టింగుల గురించి కొన్ని, మిగతావన్నీ "అది నిజమేనా?" అనే రకం. వాటన్నిటికీ ఇక్కడ జవాబులున్నాయి. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ముందురోజు చూసుకోవాల్సినవి

టీసీఎంలోనే ఇన్ని పాత సినిమాలు ఎందుకొస్తాయి?

టీసీఎం అంటే టర్నర్ క్లాసిక్ మూవీస్. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎం స్టూడియోని కొన్నాడు. అప్పులు మీద పడేసరికి కొద్ది నెలల్లోనే చాలా భాగం తిరిగి అమ్మేశాడు కానీ, సినిమాల లైబ్రరీని మాత్రం వదల్లేదు. అప్పటిదాకా వచ్చిన ఎంజీఎం సినిమాలు, 1950కి ముందరి వార్నర్ బ్రదర్స్ సినిమాలు, ఆర్కేఓ అనే పాత స్టూడియో సినిమాల్లో చాలా భాగం ఆ లెక్కన ఆయన చేతిలో ఉండిపోయాయి. ఆ నిధి మీదే 1994 ఏప్రిల్ 14న ఛానెల్ మొదలైంది. మొట్టమొదట వేసింది 'గాన్ విత్ ది విండ్'. పారమౌంట్, యూనివర్సల్ వాళ్ల సినిమాలు అద్దెకి తెచ్చి వేయాలి కాబట్టి అవి కాస్త అరుదు. సినిమా మధ్యలో ప్రకటనలు ఉండవు. ఇండియాలో తొంభైల్లో కార్టూన్ నెట్‌వర్క్ చూసినవాళ్లకి ఈ సరుకు కొత్త కాదు. రాత్రయ్యేసరికి బొమ్మలు ఆగిపోయి అదే ఛానెల్లో టీఎన్‌టీ పేరుతో వచ్చేవి ఈ సినిమాలే.

షెడ్యూల్లో శుక్రవారం అని ఉంది. తీరా శుక్రవారం చూస్తే ఆ సినిమా రాలేదు. ఎందుకు?

టీసీఎం రోజు అర్ధరాత్రి మొదలవదు. ఈస్టర్న్ టైమ్ ప్రకారం పొద్దున 6 గంటలకి మొదలై మర్నాడు పొద్దున 6కి ముగుస్తుంది. శుక్రవారం జాబితాలో అడుగున "రాత్రి 2" అని కనబడితే అది క్యాలెండర్ లెక్కలో శనివారం తెల్లవారుజాము. చేత్తో టైమ్ కొట్టి రికార్డింగ్ పెట్టేవాళ్లు పొరబడేది ఇక్కడే. సినిమా పేరు నొక్కి రికార్డు పెడితే ఈ గొడవ లేదు.

మేం డల్లాస్‌లో ఉంటాం, తమ్ముడు వాళ్లు బే ఏరియాలో. అందరం ఒకేసారి చూడాలంటే?

దేశమంతా ఒకే ప్రసారం కాబట్టి ఒకేసారి చూడొచ్చు. న్యూజెర్సీలో రాత్రి 8 అంటే డల్లాస్‌లో 7, బే ఏరియాలోనూ సియాటిల్‌లోనూ సాయంత్రం 5. ఇండియాలో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి చెప్పాలంటే వేసవిలో మర్నాటి పొద్దున 5:30, చలికాలంలో 6:30.

ఒక్క రోజులో ఎన్ని సినిమాలు చూడొచ్చు?

నాలుగు. అయిదోది పెట్టుకుంటే అందులో సగం నిద్రలోనే పోతుంది. అన్నీ నలుపు తెలుపువే, అన్నీ సీరియస్ కథలే వరసగా పెట్టకండి. పొద్దున పాటలవి, భోజనానికి ముందు పొట్టిది, మధ్యాహ్నం కళ్లు మూతపడే వేళకి పరుగు పెట్టించేది, చీకటి పడ్డాక నలుపు తెలుపు ప్రేమకథ, ఇదీ వరస. ఉదాహరణకి 9:30కి 'సింగిన్ ఇన్ ది రెయిన్' (103 నిమిషాలు), 11:45కి '12 యాంగ్రీ మెన్' (96), భోజనాలయ్యాక 2:30కి 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (136), 6:30కి 'కాసాబ్లాంకా' (102). మొత్తం 437 నిమిషాలు, అంటే ఏడుంబావు గంటలు. ఛానెల్ వాళ్లు మన వరసలో వేయరు కదా, అందుకే ముందు వారాల్లో రికార్డు చేసి పెట్టుకోవాలి. ఆగస్టులో అయితే ఆ పని కూడా ఉండదు. ఆ నెలంతా రోజుకొక తార చొప్పున ఇరవైనాలుగు గంటలూ ఆ తార సినిమాలే వేస్తారు.

రికార్డింగ్ క్లైమాక్స్ దగ్గర తెగిపోతోంది. ఏం చేయాలి?

సినిమాకి ముందు వ్యాఖ్యాత వచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడతాడు, మధ్య ఖాళీల్లో చిన్న చిన్న రీళ్లు వేస్తారు. దాంతో ఒక్కోసారి మొదలు కాస్త అటూ ఇటూ అవుతుంది. రికార్డర్లో "చివర అదనంగా" అనే ఐచ్ఛికం ఉంటుంది, అక్కడ 10 నిమిషాలు పెట్టండి. ముందు 2 నిమిషాలు చాలు. వెంటనే తర్వాతి సినిమా కూడా రికార్డు పెట్టి ఉంటే, కొన్ని బాక్సులు మొదటిదాని అదనపు నిమిషాలు కోసేస్తాయి. అప్పుడు రెండోదాని రికార్డింగ్ మొదట్లో చూడండి, మొదటి సినిమా ఆఖరి ముక్క అక్కడ ఉంటుంది.

అమ్మకి ఇంగ్లిష్ అంతగా రాదు. ఆవిడకి ఏది పెట్టాలి?

చాప్లిన్. 'సిటీ లైట్స్' (1931), 'మోడరన్ టైమ్స్' (1936), రెండూ 87 నిమిషాల చొప్పున. టాకీలు వచ్చి పాతబడిపోయాక కూడా చాప్లిన్ మొండికేసి మూకీలుగానే తీసిన సినిమాలివి. 'మోడరన్ టైమ్స్' చివర్లో ఆయన గొంతు ప్రేక్షకులు మొదటిసారి విన్నారు. పాట రాసుకున్న చొక్కా కఫ్ ఎగిరిపోయి, నోటికొచ్చిన శబ్దాలతో పాడేస్తాడు. అది ఏ భాషా కాదు. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ సమానంగా అర్థమవుతుంది. 'సిటీ లైట్స్'లో గుడ్డి పూలమ్మాయి, చాప్లిన్ వేసిన బిచ్చగాడిని కోటీశ్వరుడనుకోవాలి. మాటల్లేకుండా ఆ పొరపాటు ఎలా చూపించాలో తేలక ఆ ఒక్క సీన్ 342 సార్లు తీశాడు. చివరికి దొరికిన జవాబు కారు తలుపు చప్పుడు. అతను ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారులోంచి దూరి దిగుతాడు, ఆ తలుపు పడిన చప్పుడుకి ఆమె కారు యజమాని దిగాడనుకుంటుంది. మూకీలో చప్పుడు మీద నడిచే సీన్ అది.

పిల్లలతో కలిసి ఏది చూసినా ఫర్వాలేదా?

బూతులుండవు, కత్తిపోట్లు దాదాపు ఉండవు. ఇబ్బంది ఇంకొకచోట ఉంది. నల్లవాళ్లని, ఆసియావాళ్లని చూపించిన తీరు చాలా సినిమాల్లో నేటి పిల్లలకి వివరించాల్సి వస్తుంది. తెల్ల నటులు మొహానికి నల్లరంగు పూసుకుని ఆడిన పాటలున్నాయి. 'గాన్ విత్ ది విండ్' బానిసత్వాన్ని ఏదో అన్యోన్య సంసారంలా చూపిస్తుంది. అందులో నటించిన హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి. అయినా అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి ఆమె వెళ్లే వీలు లేకపోయింది, ఆస్కార్ విందులో కూడా గోడ పక్కన వేరే బల్ల వేసి కూర్చోబెట్టారు. పదేళ్లు దాటిన పిల్లలకి ఈ మాట ముందే చెప్పి చూపించడం మేలు. అంతకంటే చిన్నవాళ్లకి 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' చాలు. అందులోనూ ఎగిరే కోతులకి కొందరు జడుసుకుంటారు.

## టీవీ సరిచేసుకోవడం

తెరకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయి. జూమ్ చేయనా?

వద్దు. 1953 వరకు హాలీవుడ్ సినిమా దాదాపు చదరంగా ఉండేది, వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. మన టీవీ వెడల్పు 1.78 రెట్లు. అందుకే తెరలో 23 శాతం దాకా ఖాళీగా ఉండిపోతుంది. జూమ్ చేస్తే పైనా కిందా కోసుకుపోయి, డ్యాన్స్ సీన్లలో పాదాలు పోతాయి. పాదాలు లేని జీన్ కెల్లీని చూసి ఏం లాభం? సాగదీస్తే హంఫ్రీ బోగార్ట్ పొట్టివాడై లావెక్కుతాడు. టీవీ పిక్చర్ సైజులో "ఒరిజినల్" లేదా "జస్ట్ స్కాన్" లాంటిది ఎంచుకోండి. సీరియల్ చూసేటప్పుడు ఎవరో పెట్టిన జూమ్ అలాగే ఉండిపోయి ఉండొచ్చు, సినిమా మొదలవ్వకముందే చూసుకోండి.

కొన్ని సినిమాలకి పైనా కిందా పెద్ద పట్టీలు ఎందుకు?

ఇంట్లో టీవీలు పెరిగి థియేటర్లు ఖాళీ అవుతుంటే, జనాన్ని మళ్లీ రప్పించడానికి స్టూడియోలు తెరని వెడల్పు చేశాయి. సినిమాస్కోప్‌లో విడుదలైన మొదటి సినిమా 'ది రోబ్' (1953). మన తెలుగులో ఆ వెడల్పు 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. 'బెన్‌హర్' (1959) ఇంకా వెడల్పు, ఎత్తుకి 2.76 రెట్లు. దాన్ని మొత్తంగా చూపిస్తే టీవీ తెరలో మూడో వంతుకి పైగా నల్లగానే ఉంటుంది. ఒకప్పుడు ఈ సినిమాల్ని పక్కలు కోసి టీవీలో వేసేవాళ్లు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు మాత్రమే కనబడేది. నల్ల పట్టీ దానికంటే నయం.

పాత సినిమా కాస్తా నిన్న తీసిన సీరియల్లా నున్నగా కదులుతోంది. ఏమైంది?

సినిమా సెకనుకి 24 బొమ్మలు. కొత్త టీవీలు మధ్యలో లేని బొమ్మల్ని తామే కల్పించి ఇరికిస్తాయి. క్రికెట్‌కి అది బాగుంటుంది, సినిమాకి సెట్టు సెట్టులా, మేకప్ మేకప్‌లా బయటపడిపోతుంది. సోనీలో దీని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. ఆపేయండి. "ఫిల్మ్‌మేకర్ మోడ్" ఉంటే అదొక్కటి నొక్కితే చాలు, నున్నదనం, అతి పదును, అతి రంగు అన్నీ ఒక్కసారే పోతాయి. తెర మీద సన్నటి ఇసుక కదులుతున్నట్టు కనబడితే దాన్ని కూడా తుడిచేయాలని చూడకండి, అది ఫిల్మ్ రేణువు. "నాయిస్ రిడక్షన్" ఎక్కువ పెడితే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

సినిమా మొదలైంది, సంగీతం వస్తోంది, బొమ్మ కదలడం లేదు. టీవీ పాడైందా?

పాడవలేదు. పెద్ద సినిమాలకి తెర లేవకముందు వాయించే సంగీతం అది, ఓవర్చర్ అంటారు. జనం వచ్చి కుర్చీల్లో సర్దుకునేదాకా అని దాని ఉద్దేశం. 'బెన్‌హర్'లో ఆరు నిమిషాలకి పైగా మైకెలాంజెలో గీసిన చేతుల బొమ్మే కనబడుతుంది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) ఉత్త నల్ల తెరతో మొదలవుతుంది. రిమోట్ విసిరేయకండి, కాఫీ కలుపుకోవడానికి సరిపోయే టైమ్. మధ్యలో మన "విశ్రాంతి" కార్డులాగే ఇంటర్‌మిషన్ కార్డు వస్తుంది, అది అయ్యాక మళ్లీ కాస్త సంగీతం. మామూలు హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు. బాగా పొడుగైన పెద్ద సినిమాలకే ఆ మర్యాద.

మాటలు గబగబా మాట్లాడుతున్నారు, సరిగ్గా వినపడటం లేదు.

ఆ సినిమాల శబ్దం ఒకే ట్రాకు. టీవీగానీ సౌండ్‌బార్‌గానీ దాన్ని నాలుగు వైపులకీ పంచబోతే మాట పలచబడుతుంది. సరౌండ్ ఆపి "స్టాండర్డ్" లేదా "క్లియర్ వాయిస్" పెట్టండి, బేస్ తగ్గించండి. రిమోట్‌లో సీసీ బటన్ నొక్కితే మాటలు అక్షరాల్లో వస్తాయి. అక్షరాలు పెద్దవి చేసి వెనక నల్ల గడి పెట్టుకుంటే, తెల్లచొక్కాల మీద తెల్ల అక్షరాలు కలిసిపోవు. 'హిజ్ గర్ల్ ఫ్రైడే' (1940) లాంటివాటిలో ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడటం కావాలనే చేసింది. అక్కడ ఎంత సర్దినా అంతే, అక్షరాలే దిక్కు.

'కాసాబ్లాంకా' 102 నిమిషాలని అన్నిచోట్లా రాశారు, పాత డీవీడీలో 98 నిమిషాలే ఉంది. కోశారా?

కోయలేదు. ఇండియా, యూరప్ పద్ధతి టీవీ సెకనుకి 25 బొమ్మలు. 24 బొమ్మల సినిమాని అలాగే 25తో తిప్పేస్తే 4 శాతం వేగంగా అయిపోతుంది. 102ని 24తో గుణించి 25తో భాగించండి, 98 వస్తుంది. గొంతులు కూడా కాస్త సన్నబడతాయి.

నలుపు తెలుపు సినిమాకి రంగులేసిన ప్రింటు దొరికింది. అది చూడొచ్చా?

చూడకపోతే పోయేదేం లేదు. ఎనభైల్లో టర్నర్ కంపెనీయే ఈ పని పెద్ద ఎత్తున చేసి తిట్లు తింది. 1988లో 'కాసాబ్లాంకా'కి రంగులేశారు. 'సిటిజన్ కేన్'కి కూడా వేద్దామనుకున్నారు గానీ, తన అనుమతి లేకుండా సినిమాని మార్చకూడదని దాని దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1939 నాటి ఒప్పందంలో రాయించుకున్నాడు. అతను చనిపోయాక కూడా ఆ కాగితమే సినిమాని కాపాడింది. ఛాయాగ్రాహకుడు వెలుతురు పెట్టిందే నలుపు తెలుపుల్ని దృష్టిలో పెట్టుకుని. దాని మీద రంగు వేస్తే ముగ్గు మీద పెయింటు కొట్టినట్టుంటుంది.

'షెరేడ్', 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి కానీ మసగ్గా ఉంటాయి. ఎందుకు?

హక్కులు జారిపోయిన సినిమాలవి. 'షెరేడ్' (1963) ప్రింటు మీద ఆ రోజుల్లో చట్టప్రకారం ఉండాల్సిన కాపీరైట్ గుర్తు సరిగా పడలేదు. దాంతో విడుదలైన రోజునే అది అందరి సొత్తయింది. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' (1946) హక్కు 1974లో పునరుద్ధరించడం మర్చిపోయారు. డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఊరూరా టీవీ స్టేషన్లు క్రిస్మస్‌కి అదే వేశాయి. విడుదలైనప్పుడు నష్టపోయిన సినిమా అలా ఇంటింటి పండగ సినిమా అయింది. అడిగేవాళ్లు లేరని కాపీకి కాపీ తీసిన ప్రింట్లు బోలెడు తిరుగుతున్నాయి. మంచి నెగెటివ్ నుంచి తీసిన ప్రింటు కావాలంటే డబ్బు పెట్టి కొనే డిస్కులో చూడాలి.

## చూస్తూ ఉండగా

'ది విజార్డ్ ఆఫ్ ఆజ్'లో తలుపు తీయగానే రంగులు ఎలా వచ్చాయి? అప్పట్లో గ్రాఫిక్స్ లేవు కదా?

ఆ షాట్ మొదటినుంచీ రంగుల ఫిల్మే. కాన్సస్ సీన్లు గోధుమరంగు నలుపులో ఉంటాయి. డొరొతీ తలుపు తీసే చోట ఇంటి లోపలి గోడలకి, తలుపుకి అదే గోధుమరంగు వేశారు. జూడీ గార్లండ్ బదులు అదే రంగు గౌను తొడిగిన డూప్‌ని నిలబెట్టారు. డూప్ వీపు మనవైపు పెట్టి తలుపు తీసి, చట్రంలోంచి పక్కకి తప్పుకుంటుంది. కెమెరా ముందుకి కదులుతుంది. తర్వాత నీలం గౌనులో అసలు జూడీ అడుగుపెడుతుంది. రిమోట్‌తో ఆపి చూడండి, తలుపు తీసే మనిషి మొహం ఒక్కసారి కూడా కనపడదు. 1956 నవంబర్ 3న సీబీఎస్ ఈ సినిమాని మొదటిసారి టీవీలో వేసినప్పుడు చాలా ఇళ్లలో నలుపు తెలుపు సెట్లే ఉన్నాయి. పాపం, తలుపు తెరుచుకున్నా వాళ్లకి ఏమీ మారలేదు.

'కాసాబ్లాంకా'లో ఏం గమనించాలి?

చివరి విమానాశ్రయం సీన్. అది స్టూడియో లోపల వేసిన సెట్టు. వెనక కనపడే విమానం చెక్క, అట్టలతో చేసిన చిన్న బొమ్మ. అది పెద్దదిగా అనిపించడానికి దాని చుట్టూ మరుగుజ్జు మనుషుల్ని మెకానిక్కుల్లా తిప్పారు. అంత పొగమంచు పెట్టింది కూడా ఆ గుట్టు దాచడానికే. ఆ మంచే ఇప్పుడు సినిమా మొత్తానికి గుర్తుగా మిగిలిపోయింది. ఇంకొకటి: పియానో వాయించే శామ్ వేషం వేసిన డూలీ విల్సన్ నిజానికి డ్రమ్మరు. పియానో రాదు. తెర పక్కన ఇంకొకాయన వాయిస్తుంటే ఈయన చేతులు ఆడించాడు. పాడింది మాత్రం ఈయనే. మూడోది: సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్‌కి 'యాజ్ టైమ్ గోస్ బై' నచ్చలేదు, మార్చేద్దామన్నాడు. మారిస్తే ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో కొన్ని సీన్లు మళ్లీ తీయాలి. అప్పటికే ఆమె తర్వాతి సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది. పాట బతికిపోయింది.

'సింగిన్ ఇన్ ది రెయిన్'లో ఎవరి గొంతు ఎవరిది?

ఘంటసాల, సుశీల గొంతులకి పెదాలు కలపడం చూస్తూ పెరిగిన మనకి ఇది భలే తమాషా. కథ ప్రకారం గొంతు బాగాలేని నటి లీనాకి, కొత్తమ్మాయి కాథీ తెర వెనక నుంచి గొంతు అరువిస్తుంది. కాథీగా డెబీ రేనాల్డ్స్, లీనాగా జీన్ హేగన్. అసలు జరిగింది తలకిందులు. కాథీ లీనాకి డైలాగు డబ్బింగ్ చెబుతున్నట్టు చూపించే చోట వినిపించేది జీన్ హేగన్ సొంత గొంతే, అది మంచి గొంతు. పాటలో వినిపించేది బెటీ నోయెస్ అనే మూడో మనిషిది. ఇంకొకరి పాటని తనదని చెప్పుకోవడం తప్పనే కథతో తీసిన సినిమాలో ఆ గాయని పేరు టైటిల్స్‌లో లేదు. 'మై ఫెయిర్ లేడీ' (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్‌కి, 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1961)లో నటలీ వుడ్‌కి పాడిన మార్నీ నిక్సన్‌దీ అదే గతి. మన రికార్డుల మీద ప్లేబ్యాక్ వాళ్ల పేరే ముందు చదివేవాళ్లం, అక్కడ అది దాచాల్సిన రహస్యం.

'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో ఒక తప్పు ఉందట, ఎక్కడ?

మౌంట్ రష్‌మోర్ దగ్గర క్యాంటీన్ సీన్‌లో. ఈవా మేరీ సెయింట్ సంచిలోంచి తుపాకీ తీయకముందే, వెనక బల్ల దగ్గర కూర్చున్న నీలం చొక్కా పిల్లాడు రెండు చెవులూ మూసుకుంటాడు. రిహార్సల్లో ఆ చప్పుడు విని ఉన్నాడు మరి. ఒకసారి చూస్తే ఇక కళ్లు వాడిమీదనుంచి పోవు. అందులోనే ఇంకో విశేషం: కేరీ గ్రాంట్ తల్లిగా వేసిన జెస్సీ రాయిస్ లాండిస్ 1896లో పుట్టారు, కొడుకు 1904లో.

'నార్త్ బై నార్త్‌వెస్ట్' దర్శకుడు హిచ్‌కాక్ తన సినిమాల్లో ఎక్కడ కనపడతాడో ఎలా పట్టుకోవాలి?

మొదటి పావుగంట కళ్లు తిప్పకండి. జనం తనకోసం వెతుకుతూ కథ వదిలేస్తున్నారని తెలిసి, తర్వాతి సినిమాల్లో తొందరగా వచ్చి వెళ్లిపోయేవాడు. 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో టైటిల్స్ ఆఖర్న పరుగెత్తుకొచ్చేసరికి బస్సు తలుపు మొహం మీదే మూసుకుంటుంది. 'సైకో' (1960)లో ఆఫీసు కిటికీ బయట కౌబాయ్ టోపీ పెట్టుకుని నిలబడి ఉంటాడు.

మొగుడూ పెళ్లాలు కూడా వేరువేరు మంచాల మీద పడుకుంటారేమిటి?

1934 నుంచి 1968 దాకా స్టూడియోలే పెట్టుకుని అమలు చేసిన నియమావళి, ప్రొడక్షన్ కోడ్. మన సెన్సారు బోర్డులా ప్రభుత్వానిది కాదు. ప్రభుత్వం చెయ్యి పెట్టకుండా తామే ముందు జాగ్రత్త పడ్డారు. ముద్దు మూడు సెకన్లు దాటకూడదనే పట్టింపు ఉండేది. 'నటోరియస్' (1946)లో హిచ్‌కాక్ దాన్ని ఎలా దాటాడో చూడండి. ఇద్దరూ ముద్దు పెట్టుకుని, విడి, భోజనం గురించి మాట్లాడి, మళ్లీ ముద్దు పెట్టుకుని, ఫోన్ చేస్తూ ఇంకోసారి, అలా రెండున్నర నిమిషాలు లాగాడు. ఏ ఒక్క ముద్దూ నియమం దాటలేదు. 1934 నడిమికి ముందరి సినిమాల్లో ఇవేవీ పట్టించుకోలేదు. అందుకే 1932 నాటి సినిమా 1942 నాటి దానికంటే గడుసుగా ఉంటుంది.

ఆ సినిమాల్లో మన ఇండియా కనపడుతుందా?

పేరుకి కనపడుతుంది. 'గంగా దిన్' (1939)లో వాయవ్య సరిహద్దు కొండలన్నీ కాలిఫోర్నియాలోని లోన్ పైన్. టైటిల్ వేషం వేసింది మొహానికి రంగు పూసుకున్న అమెరికన్ నటుడు శామ్ జాఫే. 'ది రెయిన్స్ కేమ్' (1939) రాంచీపూర్ అనే కల్పిత సంస్థానం కథ, భూకంపం, వరద దృశ్యాలకి స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ తెచ్చుకుంది. అది గెలిచింది 'గాన్ విత్ ది విండ్', 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్'ల మీద. నిజంగా మనవాడంటే సాబూ. మైసూరు సంస్థానంలో మావటివాడి కొడుకు. 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1940), 'జంగిల్ బుక్' (1942) చూడండి. తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకుని యుద్ధంలో బాంబర్ విమానం తోక దగ్గర తుపాకీ పట్టాడు.

## విన్నవి, నిజాలు

'కాసాబ్లాంకా'లో "ప్లే ఇట్ అగైన్, శామ్" ఏ సీన్‌లో వస్తుంది?

ఏ సీన్‌లోనూ రాదు. వాయించమని బోగార్ట్, బెర్గ్‌మన్ ఇద్దరూ అడుగుతారు, "అగైన్" అనే మాట ఇద్దరూ అనరు.

'సింగిన్ ఇన్ ది రెయిన్' వాన పాటలో నీళ్లలో పాలు కలిపారా?

లేదు. వాన తెర మీద కనపడాలంటే వెనక నుంచి లైటు కొట్టాలి, వాళ్లు చేసింది అదే. జీన్ కెల్లీకి ఆ పాట తీసేటప్పుడు 103 డిగ్రీల జ్వరం అన్నది మాత్రం నిజం.

'బెన్‌హర్' రథాల పందెంలో మనిషి చనిపోయాడా?

1959 సినిమాలో ఎవరూ పోలేదు. రథం మీదనుంచి ముందుకి ఎగిరిపడే షాట్ నిజమైన ప్రమాదమే. డూప్‌గా చేసిన జో కనట్‌కి గడ్డం చిట్లింది, అంతే. ఆ షాట్‌ని సినిమాలో వాడుకున్నారు. చేతి గడియారం కనపడుతుందనేది కూడా పుకారే. వెతికి చూడాల్సింది ఇంకొకటుంది: ఈ సినిమా మొదట్లో ఎంజీఎం సింహం గర్జించదు. క్రీస్తు జననంతో మొదలయ్యే సినిమా కదా అని దాని నోరు మూయించారు.

'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' అడవిలో ఎవరో ఉరేసుకున్నట్టు కనపడుతుందట?

అది పెద్ద పక్షి. అడవి నిజంగా ఉండాలని లాస్ ఏంజెలెస్ జూ నుంచి కొన్ని పక్షుల్ని తెచ్చి సెట్టులో వదిలారు. వాటిలో ఒకటి వెనక రెక్క విప్పింది. మసక వీడియో టేపుల్లో అది మనిషిలా కనపడి పుకారు పుట్టింది. శుభ్రం చేసిన ప్రింటులో పక్షి పక్షిలాగే ఉంటుంది.

'సైకో'లో రక్తం చాక్లెట్ సిరపా?

అవును. నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఎర్రరంగు కంటే అది చిక్కగా పడుతుంది. ఆ స్నానాలగది సీన్ తీయడానికి ఏడు రోజులు పట్టింది.

'సమ్ లైక్ ఇట్ హాట్' 1959లో కూడా నలుపు తెలుపులో ఎందుకు తీశారు?

మార్లిన్ మన్రో రంగులే కావాలంది. ఆడవేషంలో ఉన్న టోనీ కర్టిస్, జాక్ లెమన్‌ల మేకప్ రంగు ఫిల్మ్ మీద ఆకుపచ్చగా కొట్టింది. ఆ టెస్టు రీలు చూపించాక ఒప్పుకుంది.

## సాయంత్రం

క్విజ్ పెడదామనుకుంటున్నాం. ప్రశ్నలు ఎలా తయారు చేయాలి?

ఎవరు ఎన్ని ఆస్కార్లు గెలిచారనే ప్రశ్నలు వద్దు, ఫోన్ పట్టుకున్నవాడే గెలుస్తాడు. ఆపి చూపించగలిగే ప్రశ్నలే అడగండి. సినిమాకి మూడు చాలు. ప్రశ్న సినిమాకి ముందే చెప్పి, జవాబు సినిమా అయ్యాక తీసుకోండి. చూస్తున్నంతసేపూ ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. చెవులు మూసుకున్న పిల్లాడి చొక్కా రంగేమిటి? సింహం ఎందుకు గర్జించలేదు? తలుపు తీసిన మనిషి మొహం కనపడిందా? ఇలా. ఆస్కార్ సంవత్సరాల జోలికి వెళితే ఒక తిరకాసుంది. 'కాసాబ్లాంకా' న్యూయార్క్ ప్రీమియర్ 1942 నవంబర్‌లో, మామూలు విడుదల 1943 జనవరిలో, 1943 ఉత్తమ చిత్రంగా బహుమతి ఇచ్చింది 1944లో. మూడు జవాబులకీ ఎవరో ఒకరు పట్టుబడతారు.

ఒక్క సినిమాకే టైమ్ ఉంది. ఏది చూడమంటారు?

'12 యాంగ్రీ మెన్' (1957). హత్య కేసులో తీర్పు తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరీ సభ్యుల కథ, 96 నిమిషాల్లో దాదాపు 93 ఒకే గదిలో. కేసు నడిచే తీరు మీరే చూసుకోండి, గది మీద ఒక కన్నేసి ఉంచండి. మొదట కెమెరా వాళ్ల తలల కంటే ఎత్తులో ఉంటుంది, గది విశాలంగా కనపడుతుంది. మధ్యలో కళ్ల ఎత్తుకి దిగుతుంది. చివరి భాగంలో కిందనుంచి పైకి చూస్తుంది, అప్పుడు పైకప్పు కూడా చట్రంలోకి వచ్చి నెత్తిమీదకి దిగినట్టుంటుంది. దర్శకుడు సిడ్నీ లూమెట్ లెన్సులు కూడా అంచెలంచెలుగా పొడుగువి వాడాడు, దాంతో గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపిస్తుంది. గోడలు అక్కడే ఉన్నాయి. ఉక్కపోతలో ఫ్యాను పనిచేయదు. వాన మొదలై చీకటి పడి లైటు వేశాక తిరుగుతుంది. రెండిటికీ స్విచ్ ఒకటేనన్నమాట, అంతసేపూ ఎవరికీ తట్టలేదు. సినిమా అంతా ఎవరి పేరూ వినపడదు, అందరూ నంబర్లే. ఆఖర్న కోర్టు మెట్ల మీద ముసలాయన వెనక్కి పిలిచి పేరడుగుతాడు. డేవిస్ అంటాడు హెన్రీ ఫోండా. నాది మెకార్డిల్ అంటాడు ఆయన. ఇంకేం మాట్లాడుకోవాలో తోచక, ఇద్దరూ చెరో దారిన మెట్లు దిగిపోతారు.